ఎండోస్కోపీ, కొలనోస్కోపీ: ఇంటి దగ్గర మొదలుపెట్టి రిపోర్టు చేతికొచ్చేదాకా

మా అమ్మ ఆరేళ్లు గ్యాస్ బిళ్లలు మింగింది. పొద్దున్నే పరగడుపున ఒకటి, చేపల పులుసు తిన్న రోజు రాత్రి ఇంకొకటి. అమ్మ మొహం కనబడితే చాలు, మెడికల్ షాపు అబ్బాయి అడక్కుండానే స్ట్రిప్పు చేతిలో పెట్టేవాడు. చివరికి నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోందని రక్త పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7 ఉంది. కాకినాడలో గొట్టం వేసి చూస్తే కడుపులో పుండు. ఆరేళ్లు వాయిదా వేసిన ఆ పరీక్షకు పది నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ తర్వాత రెండేళ్లకు మావయ్యకు కింద నుంచి గొట్టం వేయాల్సి వచ్చింది. అది ఒకసారి దండగైపోయి, రెండోసారి చేయించుకున్నాం. రెండిళ్లకూ కాగితాలు పట్టుకుని తిరిగింది నేనే. నేను డాక్టర్ని కాను. కానీ ఒక సంగతి బాగా అర్థమైంది. గొట్టం లోపల ఉన్న కాసేపు డాక్టరు గారి పని. దానికి ముందు మూడు రోజులు, తర్వాత నెల రోజులు మన పని. పరీక్ష పాడయ్యేది ఎక్కువగా మన వంతులోనే. అందుకే మన వంతు గురించే ఇక్కడ ఎక్కువ రాస్తున్నాను.

ముందు గుండె సంగతి తేల్చుకోండి

మన వైపు ఛాతీలో ఏం జరిగినా "గ్యాస్ పట్టేసింది" అంటారు. సోడా తాగిస్తారు, వాము నమలమంటారు. ఛాతీ మధ్యలో బరువుగా, బిగపట్టినట్టు ఉండి, చెమటలు పోసి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతుంటే అది ఎండోస్కోపీ చూసే జబ్బు కాదు. నడిస్తే పెరిగి, కూర్చుంటే తగ్గే నొప్పినీ అలాగే అనుమానించాలి. ముందు ఈసీజీ తీయించాలి. నొప్పి ఆగకుండా ఉంటే 108కి ఫోన్ చేయాలి. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో గుండెపోటు ఒక్కోసారి ఉత్త వికారంలా, పై కడుపు నొప్పిలా కూడా వస్తుంది. గుండె బాగానే ఉందని తేలాకే మిగతాది చదవండి.

గొట్టం ఎవరికి కావాలి

పెళ్లి భోజనం తర్వాత వచ్చిన గుండెల్లో మంటకీ, నెలకోసారి వచ్చే పుల్లటి త్రేన్పులకీ గొట్టం అక్కర్లేదు. పరీక్ష కావాల్సిన గుర్తులు వేరే ఉన్నాయి.

అన్నం ముద్ద గొంతు దిగి ఛాతీలో ఆగినట్టు అనిపించడం, మొదట గట్టివి, తర్వాత జావ కూడా దిగకపోవడం వాటిలో ముఖ్యమైనది. దీనికి ఒక్క వారం కూడా ఆగకూడదు. తారులాగా నల్లగా, జిగురుగా మోషన్ అయితే పైన ఎక్కడో రక్తం కారుతున్నట్టు అనుకోవాలి. ఐరన్ బిళ్లలు వేసుకునేవాళ్లకు కూడా నల్లగానే అవుతుంది, కానీ అది తారులా అంటుకోదు, ఆ ఘాటైన వాసనా ఉండదు. రక్తం వాంతి అయితే అది ఎమర్జెన్సీ. తిండి మానకుండానే బరువు తగ్గడం, కారణం తెలియని రక్తహీనత, తగ్గని వాంతులు, 45 దాటాక కొత్తగా మొదలైన అజీర్తి, ఇంట్లో ఎవరికైనా కడుపు క్యాన్సర్ వచ్చి ఉండటం కూడా డాక్టరు గారి దగ్గర తప్పకుండా చెప్పాల్సినవే.

కీళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు రోజూ వేసుకునేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నాట్ల రోజుల్లో నడుములు పడిపోయి, కొబ్బరి దింపుల వాళ్లు భుజాలు పట్టేసి, కొట్లో విడిగా నొప్పి బిళ్లలు కొని మింగడం మన ఊళ్లలో రోజూ చూసేదే. మా అమ్మ పుండుకి సగం కారణం ఆ బిళ్లలే అని డాక్టరు గారు చెప్పారు. లంక పొగాకు చుట్ట తాగేవాళ్లకు అన్నవాహిక, కడుపు క్యాన్సర్ల ముప్పు మామూలు వాళ్లకంటే ఎక్కువ. మింగడం కష్టమవుతోందని చుట్ట తాగే పెద్దాయన నోట వినగానే బయల్దేరదీయండి.

కింద భాగానికి వస్తే మన శత్రువు "మొలలు" అనే మాట. మోషన్‌లో రక్తం పడగానే మొలలని మనమే తేల్చేసుకుంటాం. ఏదో ఆకు పసరు, ఏదో ఇంజెక్షన్ వేసే మనిషి. మా మావయ్య ఏడాదిన్నర అలాగే గడిపారు. మొలలు ఉండొచ్చు, వాటి వెనకే ఇంకొకటీ ఉండొచ్చు. రక్తం, జిగట, కొన్ని వారాలుగా మారిపోయిన మోషన్ అలవాటు, ఒకసారి విరేచనాలూ ఒకసారి మలబద్ధకం, ఎన్నిసార్లు వెళ్లినా ఇంకా మిగిలిందన్న భావన: ఇవి ఉంటే ముందు డాక్టరు గారు వేలితో చేసే పరీక్ష, ఆ తర్వాత కొలనోస్కోపీ. సిగ్గుపడి వేలి పరీక్ష వద్దనకండి, రెండు నిమిషాల పని.

ఏ గొట్టం ఎక్కడి దాకా వెళ్తుంది

ఊళ్లో అన్నింటినీ కెమెరా పరీక్ష అనేస్తారు. చీటీ మీద రాసింది ఏదో తెలిస్తేనే తయారీ సరిగ్గా ఉంటుంది.

నోట్లోంచి వేసేది అప్పర్ జీఐ ఎండోస్కోపీ, కొందరు ఓజీడీ అని రాస్తారు. గొట్టం లావు మన చిటికెన వేలంత. అన్నవాహిక, కడుపు, చిన్నపేగు మొదటి భాగమైన డ్యుయోడినం దాకా చూస్తుంది. కింద నుంచి వేసేది కొలనోస్కోపీ. దాదాపు మీటరున్నర పొడవున్న పెద్దపేగు అంతా తిరిగి, చిన్నపేగు చివరి కొస దాకా వెళ్లగలదు. ఎడమవైపు భాగం వరకే చూస్తే అది సిగ్మాయిడోస్కోపీ, దానికి ఎనిమా చాలు. ఈ గొట్టాలు వంగగలిగేలా రావడానికి మూలం గాజు తీగల గుండా బొమ్మను పంపడమనే ఆలోచన. అందులో పంజాబ్‌లో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ గారి 1954 నాటి పరిశోధన ముఖ్యమైనది. ఆ ఆధారంతో 1957లో బాసిల్ హిర్షోవిట్జ్ మొదటి ఫైబర్ ఎండోస్కోప్ వాడారు. అంతకు ముందు వాడిన గొట్టాలు ఇంత సులువుగా వంగేవి కావు.

కామెర్లతో పిత్తనాళంలో రాయి ఉంటే ఈఆర్‌సీపీ చేస్తారు. ఇది చూడటానికి కాదు, రాయి తీయడానికి, స్టెంట్ (నాళం మూసుకోకుండా ఉంచే చిన్న గొట్టం) వేయడానికి. క్లోమం వాచే ప్రమాదం కొందరిలో ఉంటుంది కాబట్టి ఊరికే చూడటానికైతే ముందు స్కానింగ్, ఎమ్మార్‌సీపీ (పిత్తనాళాన్ని ఎమ్మారైతో చూడటం) చేస్తారు. గొట్టం చివర స్కానింగ్ ఉన్నది ఈయూఎస్. క్యాప్సూల్ ఎండోస్కోపీలో పెద్ద మాత్రంత కెమెరా మింగుతారు, అది చిన్నపేగు పొడవునా ఫోటోలు తీస్తుంది. పేగు ఎక్కడైనా ఇరుకైందని అనుమానం ఉంటే మాత్రం అది అక్కడే ఇరుక్కుపోగలదు. అది బయటికి వచ్చిందని తేలేదాకా ఎమ్మారై తీయించకూడదు. క్యాప్సూల్ ఖరీదైనది, పైగా దాంతో పరీక్షకి పేగు ముక్క తీయడం కుదరదు. "నొప్పి లేనిది కదా" అని నేరుగా దానికి ఎగబడటం నాకు సరైన పనిగా కనబడదు.

మందుల సంచి మొత్తం తీసుకెళ్లండి

మొదటిసారి డాక్టరు గారి దగ్గరకు వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న బిళ్లలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. పేర్లు గుర్తుపెట్టుకోవాలని చూడకండి. అక్కడ బల్ల మీద పరిచి, ఒక్కొక్కటి ఆపాలా, కొనసాగించాలా, ఎప్పటి నుంచి అని అడిగి తెలుగులో రాసుకోండి.

రక్తం పల్చబడే బిళ్లలు అన్నింటికంటే ముఖ్యం. పాలిప్ (పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న కండ) తీయాల్సి వస్తే రక్తస్రావం అవుతుందని క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి కొన్ని రోజుల ముందు ఆపమంటారు. కానీ గుండెకి స్టెంట్ వేయించుకున్న మనిషి తనంతట తాను ఆపితే స్టెంట్ మూసుకుపోవచ్చు. ఈ నిర్ణయం గుండె డాక్టరు గారూ, గొట్టం వేసే డాక్టరు గారూ మాట్లాడుకుని చేయాలి. పక్కింటి వాళ్లకు ఎన్ని రోజులు ఆపారో మీకు పనికిరాదు.

షుగర్ ఉన్నవాళ్లు పొద్దున్న మొదటి సమయం అడగండి. పరగడుపున ఉండి షుగర్ బిళ్ల వేసుకుంటే షుగర్ పడిపోవచ్చు. ఇన్సులిన్ ఎంత తగ్గించాలో ముందే రాయించుకోండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే బిళ్లలు ఈమధ్య చాలామంది వాడుతున్నారు. ఉపవాసమూ విరేచనాలూ కలిసినప్పుడు వీటితో ఒంట్లో ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది కాబట్టి సాధారణంగా 3 రోజుల ముందు ఆపిస్తారు. బరువు తగ్గడానికి వారానికో ఇంజెక్షన్ తీసుకునేవాళ్లు ఆ మాట దాచకండి, దాంతో కడుపు ఖాళీ కావడం ఆలస్యమవుతుంది. బీపీ బిళ్ల చాలామందిని గుక్కెడు నీళ్లతో వేసుకోమనే అంటారు. అయినా అడగండి.

ఐరన్ బిళ్లలు కొలనోస్కోపీకి వారం ముందు ఆపాలి. అవి పేగు గోడలకు నల్లగా అంటుకుంటాయి.

గ్యాస్ బిళ్లల సంగతి చాలామందికి తెలియదు. కడుపు పుండుకి పెద్ద కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి. దాన్ని కనిపెట్టినందుకే బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. గొట్టం వేసినప్పుడు చిన్న ముక్క తీసి రంగు మారే పరీక్షలో పెడతారు. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి వాడుతూ ఉంటే ఆ జీవి అణిగిపోయి, ఉన్నా లేనట్టు రిపోర్టు రావచ్చు. అందుకే వీలైతే ఈ బిళ్లలు 2 వారాల ముందు, యాంటీబయోటిక్స్ 4 వారాల ముందు ఆపి ఉండాలి. రక్తం కారుతున్న మనిషికి ఈ లెక్క వర్తించదు. మా అమ్మకి ఆపలేదు. కాబట్టి "ఆపమంటారా?" అని అడగడమే మీ పని.

గర్భం, ఆస్తమా, నిద్రలో గురక పెట్టి ఊపిరి ఆగడం, ఏ మందైనా పడకపోవడం కూడా ఈ మాటల్లోనే చెప్పేయండి. డబ్బు విషయం కూడా ముందే: చెప్పిన రేటులో మత్తు, బయాప్సీ (ముక్క పరీక్ష), ల్యాబ్ ఖర్చు కలిసి ఉన్నాయా లేదా అడగాలి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే ఆసుపత్రిలో ఆ పథకం చూసేవాళ్లను కలవండి. కాకినాడ ప్రభుత్వాసుపత్రి రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధం. ప్రైవేటు ఖర్చు భరించలేనివాళ్లు ముందు అక్కడ ఓపీలో అడగాలి.

పై గొట్టానికి తయారీ

ఇది తేలిక. రాత్రి తేలికగా తిని, తర్వాత గట్టి ఆహారం లేకుండా కనీసం 6 నుంచి 8 గంటలు ఉండాలి. నీళ్లు 2 గంటల ముందు వరకు తాగనిస్తారు, మీ కాగితంలో వేరేలా ఉంటే దాన్నే పాటించండి. ఏకాదశి ఉపవాసాలు అలవాటున్న పెద్దవాళ్లకు ఆకలి లెక్క కాదు, కాఫీయే లెక్క. "రెండు గుటకలు" అంటారు. పాలు కలిసిన కాఫీ గట్టి ఆహారం కిందే లెక్క. మత్తులో వాంతై ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. కాఫీ గ్లాసు దాచేయండి.

కట్టుడు పళ్లు తీసి డబ్బాలో పెట్టుకోవాలి. ఊగే పన్ను ఉంటే చెప్పాలి. గోళ్ల రంగు తుడిచేయాలి, వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెడతారు.

కొలనోస్కోపీకి తయారీ: అసలు పరీక్ష ఇదే

డెల్టాలో ప్రతి వేసవిలో కాలువలు కట్టేస్తారు. నీళ్లు ఆగితేనే గుర్రపుడెక్క, పూడిక, గట్టు పగుళ్లు కనబడతాయి. నిండు కాలువలో ఎంత మంచి ఇంజనీరుకైనా అడుగు కనబడదు. పేగు కూడా అంతే. లోపల మలం మిగిలితే దాని కింద ఉన్న చిన్న పాలిప్ కనబడదు, రిపోర్టు మాత్రం "బాగుంది" అని వచ్చేస్తుంది. అది పరీక్ష చేయించుకోకపోవడం కంటే ప్రమాదం, ఎందుకంటే మనం ధైర్యంగా ఉండిపోతాం.

మావయ్యకి మొదటిసారి జరిగింది చెప్తాను. ఆసుపత్రిలో చేతిలో పెట్టిన కాగితం మొత్తం ఇంగ్లీషులో ఉంది, ఎవరూ విడమరిచి చెప్పలేదు, మేమూ అడగలేదు. ముందురోజు మధ్యాహ్నం తోటకూర పప్పు, రాత్రి పెరుగన్నం తిన్నారు. మందు నీళ్లు సగం తాగి వాంతి వస్తోందని ఆపేశారు. మిగతా సగం బస్సులో ఎక్కడ తాగుతామని ఇంట్లోనే వదిలేశాం. గొట్టం వేసిన డాక్టరు గారు సగం దూరం వెళ్లి వెనక్కి తీసేశారు. రెండువేళ్ల మందాన ఆకుకూర ఈనెలు కనబడ్డాయట. పది రోజుల తర్వాత మళ్లీ మొదటి నుంచి.

రెండోసారి ఇలా చేశాం.

మూడు రోజుల ముందు నుంచి పీచు, గింజలు ఆపేశాం. అంటే తోటకూర, గోంగూర, మునగకాడ, బెండకాయ, వంకాయ, టమాటా, జామ, దానిమ్మ, పనస తొనలు, మొక్కజొన్న పొత్తు, పెసరట్టు, రాగి జావ, నువ్వులు ఏవీ లేవు. పోపులో ఆవాలు, జీలకర్ర కూడా లేవు. కోనసీమ ఇళ్లలో ఇంకో చిక్కుంది: కూరలో కొబ్బరి, పచ్చడిలో కొబ్బరి, ఇడ్లీ పక్కన కొబ్బరి. కోరిన కొబ్బరి పొట్టు పేగులో అలాగే ఉండిపోతుంది. అత్తయ్యకి కోరాం చూపించి, "ఈ మూడు రోజులు దీనికి సెలవండి" అని పైన అటక మీద పెట్టేశాను.

మరేం తినాలి? తెల్లన్నం, తొక్క తీసిన పప్పు కట్టు వడగట్టి, ఇడ్లీ, కూరగాయలు లేని సేమ్యా ఉప్మా, బ్రెడ్డు, గుడ్డు, కారం లేని చేప, మజ్జిగ. సామర్లకోట, పెద్దాపురం వైపు తయారయ్యే సగ్గుబియ్యం ఇలాంటప్పుడు బంగారం, జావ కాచుకుంటే కడుపు నిండుతుంది, పీచు ఉండదు.

ముందురోజు ఉదయం తేలికగా ఇడ్లీ, ఆ తర్వాత మొత్తం ద్రవాలే. ఆ ద్రవం గుండా చూస్తే అవతల వేలు కనబడాలి, అదే గుర్తు. వడగట్టిన కొబ్బరి నీళ్లు, వడగట్టిన నిమ్మరసం, చారు పైతేట, పాలు లేని టీ, ఓఆర్ఎస్ తీసుకోవచ్చు. పాలు, పెరుగు, మజ్జిగ వద్దు. ఎర్రటి, ఊదా రంగు డ్రింకులు వద్దు, లోపల రక్తంలా కనబడతాయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు కొబ్బరి నీళ్లు తాగేముందు అడగాలి, అందులో పొటాషియం ఎక్కువ.

ఇక మందు. సాధారణంగా ఇచ్చేది పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి, నీళ్లలో కలిపి రెండు లీటర్లు, కొందరికి ఇంకా ఎక్కువ తాగాలి. మొత్తం ఒకేసారి తాగడం కంటే సగం ముందురోజు సాయంత్రం, సగం పరీక్షకు 4 నుంచి 6 గంటల ముందు తాగితే పేగు బాగా శుభ్రమవుతుంది. ఆఖరి గ్లాసు పరీక్షకు 2 గంటల ముందే అయిపోవాలి. పది పదిహేను నిమిషాలకో గ్లాసు. రుచి ఉప్పగా, జిడ్డుగా ఉంటుంది. ఫ్రిజ్‌లో చల్లబరిచి, స్ట్రాతో నాలుక వెనక్కి పోనిస్తూ తాగితే నయం. మధ్యమధ్య నిమ్మచెక్క చప్పరించారు మావయ్య. వికారం వస్తే అరగంట ఆగి, నాలుగు అడుగులు నడిచి మళ్లీ మొదలుపెట్టాలి. వాంతులు ఆగకపోతే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. గుండె, కిడ్నీ జబ్బులున్న వాళ్లకు ఏ పొడి అన్నది డాక్టరు గారే నిర్ణయించాలి, ఫాస్ఫేట్ మందులు కిడ్నీలకు హాని చేయగలవు. షాపులో "అదే ఇది" అని వేరేది ఇస్తే తీసుకోకండి.

గంట, రెండు గంటల్లో మోషన్లు మొదలవుతాయి. బాత్రూమ్ దగ్గరే ఉండండి, వెనకకి కొబ్బరి నూనె రాసుకుంటే మంట తగ్గుతుంది. పెద్దవాళ్లను ఒంటరిగా వదలొద్దు, నీరసంతో కళ్లు తిరిగి బాత్రూమ్‌లో పడతారు.

ఎప్పుడు చాలు? ఎన్నిసార్లు వెళ్లారన్నది లెక్క కాదు. ఆఖరిగా వచ్చింది మూత్రంలా లేత పసుపుగా, అడుగు కనబడేలా ఉండాలి. బురద నీళ్లలా ఉంటే ఇంకా కాలేదు. ఆ మాట ఆసుపత్రిలో నిజంగా చెప్పండి. ఎనిమా ఇస్తారు, లేదా ఇంకొంత మందు తాగించి మధ్యాహ్నం చేస్తారు. "అంతా అయిపోయిందండి" అని అబద్ధం చెప్తే నష్టం మనకే.

రేవు దాటి రావాల్సిన వాళ్లకు

పట్నంలో ఉన్నవాళ్లకు లేని ఇబ్బంది లంక ఊళ్ల వాళ్లకు ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి మందు తాగి, ఆరింటికి పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కి, కోటిపల్లి రేవు దాటి కాకినాడ పోవడం జరిగే పని కాదు. వరదల రోజుల్లో పంటు ఆగిపోతే మూడు రోజుల పత్యం వృథా. నా సలహా: జులై నుంచి సెప్టెంబరు వరకు, తొందర లేని పరీక్షైతే, పెట్టుకోకండి. మిగతా రోజుల్లోనూ ముందురోజు మధ్యాహ్నానికే వెళ్లి ఆసుపత్రి దగ్గర గది తీసుకోండి, గదికి సొంత బాత్రూమ్ ఉందో లేదో చూసి మరీ. యానాం వైపు చుట్టాలున్నారని వాళ్లింట్లో దిగకండి. ఆ ఇంట్లో ఒకటే బాత్రూమ్ ఉంటే అందరికీ ఇబ్బంది, పైగా "కొంచెం ఉప్మా తినండి బాబాయ్" అని పెట్టేస్తారు. గది ఖర్చు భరించలేమనుకుంటే మధ్యాహ్నం సమయం అడగండి.

బల్ల మీద

పై గొట్టానికి ముందు గొంతులో లిగ్నోకైన్ స్ప్రే కొడతారు. చేదుగా ఉండి గొంతు మొద్దుబారుతుంది, మింగలేకపోతున్నట్టు అనిపిస్తుంది. ఊపిరి మాత్రం ఆగదు. ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి, పళ్ల మధ్య ప్లాస్టిక్ బిళ్ల పెడతారు. గొట్టం గొంతు దాటేటప్పుడు ఒకసారి మింగమంటారు, ఆ రెండు క్షణాలే కష్టం. తర్వాత ఉమ్మి మింగకుండా పక్కకి కారనివ్వాలి. కళ్లు మూసుకోకుండా ఎదురు గోడ మీద ఒక చుక్కని చూస్తూ ముక్కుతో నెమ్మదిగా గాలి తీసుకోవాలి. గొట్టం గాలిగొట్టంలోకి పోదు, ఊపిరికి అడ్డం రాదు. కడుపులోకి గాలి వదులుతారు కాబట్టి త్రేన్పులు వస్తాయి, అందులో సిగ్గేమీ లేదు.

మత్తు కావాలా వద్దా? పై గొట్టానికి చాలామందికి స్ప్రే చాలు, అరగంటలో లేచి వెళ్లిపోవచ్చు. మా అమ్మ అలాగే చేయించుకుంది. బాగా టెన్షన్ పడేవాళ్లు, ముందొకసారి తట్టుకోలేకపోయినవాళ్లు మత్తు అడగాలి. కొలనోస్కోపీకి మాత్రం మత్తే మంచిదని నా అభిప్రాయం. పేగు మలుపుల దగ్గర పట్టేసినట్టు నొప్పి వస్తుంది, రోగి బిగుసుకుంటే డాక్టరు గారికీ కష్టం. మొత్తం 20 నుంచి 40 నిమిషాలు. ఆడవాళ్లు గదిలో నర్సు ఉండాలని ముందే అడగొచ్చు. వెనక తెరుచుకునే గౌను ఇస్తారు, పైన దుప్పటి కప్పుతారు.

గొట్టం ఒకరి నుంచి ఒకరికి జబ్బు అంటిస్తుందేమో అన్న అనుమానం సహజం. వాడిన గొట్టాన్ని ముందు బ్రష్షుతో లోపలా బయటా కడిగి, తర్వాత క్రిమిసంహారక ద్రావణంలో నిర్ణీత సమయం ఉంచి, కడిగి ఆరబెట్టాలి. ఉత్త స్పిరిట్ తుడుపు చాలదు. "మెషీన్‌లో కడిగారా అండీ?" అని అడిగితే మంచి చోట ఎవరూ విసుక్కోరు.

ఇంటికొచ్చాక

గొంతు మొద్దు పోయేదాకా ఏమీ తినకూడదు. దాదాపు గంట తర్వాత ఒక్క గుక్క నీళ్లు తాగి చూడండి, పొలమారకపోతే మెత్తటి అన్నం. మత్తు ఇచ్చి ఉంటే 24 గంటలు బండి నడపకూడదు, ఏ దస్తావేజు మీదా సంతకం పెట్టకూడదు. మావయ్య మోటారు సైకిల్ తాళం ఆ రోజు నా జేబులోనే ఉంది. కడుపుబ్బరం గాలి వల్ల, నడిస్తే పోతుంది.

కడుపు గట్టిపడి పెరుగుతున్న నొప్పి, జ్వరం, రక్తం వాంతి, నల్లటి లేదా ఎర్రటి మోషన్, ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే ఉదయం దాకా ఆగకండి. పేగుకి రంధ్రం పడటం మామూలు కొలనోస్కోపీలో వెయ్యికి ఒకటి కంటే తక్కువ, కానీ పడితే గంటల లెక్క. పాలిప్ తీసిన చోట రెండు వారాల దాకా ఆలస్యంగా కూడా రక్తం రావచ్చు. రేవు అవతల ఊరైతే రాత్రి పంటు ఉండదు కాబట్టి, పెద్ద పాలిప్ తీసిన రోజు ఇవతలే ఉండిపోవడం మంచిది.

ముల్లు అడ్డం పడితే

ఇది పరీక్ష కాదు, వైద్యం. అయినా గోదావరి వాళ్లకి రాయకుండా ఉండలేను. పులస రోజుల్లో ప్రతి ఊళ్లో ఒకరికైనా ముల్లు దిగుతుంది. అన్నం ముద్దలు, అరటిపండు మింగించి తోసేయాలని చూడకండి, ముల్లు ఇంకా లోతుకి గుచ్చుకుంటుంది. వేలు పెట్టి కెలకకండి. గొంతు పైభాగంలో ఉంటే చెవి, ముక్కు, గొంతు డాక్టరు గారు తీస్తారు. ఛాతీలో గుచ్చుకుంటున్నట్టుంటే ఎండోస్కోపీతో ఆ రోజే తీయించాలి. ఉమ్మి కూడా మింగలేకపోతే ఆ గంటలోనే బయల్దేరాలి.

రిపోర్టు, ముక్క పరీక్ష

ఫోటోలతో ఉన్న కాగితం ఆ రోజే ఇస్తారు. అందులో "గ్యాస్ట్రైటిస్" (కడుపు లోపలి పొర వాపు) అని చూసి కంగారు పడకండి, చాలామందికి ఆ మాట ఉంటుంది. ఎసోఫాజైటిస్ (అన్నవాహిక వాపు) పక్కన ఎ నుంచి డి దాకా గ్రేడు ఉంటుంది, డి తీవ్రమైనది. "వరైసిస్" అంటే లివర్ జబ్బు వల్ల ఉబ్బిన రక్తనాళాలు. అవసరమైతే వాటికి రబ్బరు బ్యాండ్లు వేస్తారు, మళ్లీ మళ్లీ రమ్మంటారు. అల్సర్ డ్యుయోడినంలో ఉందా, కడుపులో ఉందా చూడండి. కడుపులో ఉన్న పుండు ఒక్కోసారి క్యాన్సర్ అయ్యుండొచ్చు, అందుకే ముక్క తీస్తారు, మందులు వాడాక రెండు నెలలకో, మూడు నెలలకో మళ్లీ గొట్టం వేసి మానిందో లేదో చూస్తారు. నొప్పి తగ్గింది కదా అని ఆ రెండోది ఎగ్గొట్టకండి.

కొలనోస్కోపీ రిపోర్టులో రెండు మాటలు వెతకండి. "సీకమ్" వరకు వెళ్లారా అన్నది ఒకటి, అది పెద్దపేగు మొదలు. రెండోది పేగు శుభ్రతకు బోస్టన్ స్కోరు. మూడు భాగాలకు ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 9. ప్రతి భాగానికీ కనీసం 2 ఉండాలి. మావయ్యకి రెండోసారి 8 వచ్చింది. స్కోరు తక్కువుంటే మళ్లీ ఎప్పుడు చేయించాలో అక్కడే అడగాలి.

బయాప్సీ రిపోర్టు వారం, పది రోజులకు వస్తుంది. ఇక్కడే మనవాళ్లు వదిలేస్తారు. మందులు రాసిచ్చారు కదా అని ఊరెళ్లిపోతారు, ఆ కాగితం ల్యాబ్‌లోనే ఉండిపోతుంది. మన దేశంలో పేగు టీబీ, క్రోన్స్ జబ్బు (పేగులు ఏళ్ల తరబడి వాచి ఉండే జబ్బు) చూడటానికి ఒకేలా ఉంటాయి, తేడా తేల్చడానికి ముక్క పరీక్ష చాలా ముఖ్యం. ఒకదానికి వేసే మందు రెండోదానికి హాని చేయవచ్చు. ముక్క తీశారా, ఎన్ని, రిపోర్టు ఎప్పుడు, ఎవరిని అడగాలి అన్న నాలుగూ ఆసుపత్రి గుమ్మం దాటకముందే రాసుకోండి. వేరే డాక్టరు గారికి చూపించాలంటే స్లైడ్లు, ముక్కను దాచిన మైనం దిమ్మ ల్యాబ్ నుంచి అడిగి తీసుకోవచ్చు.

పైలోరీ ఉందని తేలితే సాధారణంగా 14 రోజుల కోర్సు ఇస్తారు. నోరు చేదెక్కి, వికారంగా ఉంటుంది, మా అమ్మ ఆరో రోజుకే మానేస్తానంది. సగంలో ఆపితే ఆ జీవి మందుకి లొంగకుండా పోతుంది. కోర్సు అయిన 4 వారాల తర్వాత, గ్యాస్ బిళ్లలు 2 వారాలు ఆపి, ఊపిరి పరీక్షో మోషన్ పరీక్షో చేయించి పోయిందని తేల్చుకోవాలి. అమ్మకి పోయింది. హిమోగ్లోబిన్ ఇప్పుడు 12.

మావయ్యకి సెంటీమీటరు పైన ఉన్న పాలిప్ ఒకటి తీశారు. రిపోర్టులో అడినోమా అని వచ్చింది, అంటే ఇంకా క్యాన్సర్ కాదు, వదిలేస్తే కొన్నేళ్లలో అవ్వగలిగేది. మూడేళ్లకు మళ్లీ చూడాలన్నారు. ఆయన పిల్లలు కూడా 40 వచ్చేసరికి ఒకసారి చేయించుకోవాలన్నారు. పెద్ద బావకి ఈ ఏడాదితో నలభై నిండుతాయి. వ్యవసాయం మనిషి, పని ఉంటే కదలడు. అందుకే ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక, జూన్‌లో మళ్లీ నీళ్లు వదిలేలోపు తేదీ తీసుకున్నాం. అత్తయ్య కోరాం అప్పటికి మళ్లీ అటకెక్కుతుంది.